పన్నెండు పరిగెల తొట్టి

నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పులన్నీ మంచి ఉద్దేశంతో చేసినవే. చెడ్డ ఉద్దేశంతో చేసినవి చిన్న చిన్నవి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పద్దెనిమిది వందల తొంభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో చేసింది మాత్రం మొదటి రకం తప్పు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. రాజమండ్రి మిషను బోర్డింగులో చదువుకుని, ఉపదేశి యెహెజ్కేలు గారిని పెళ్ళి చేసుకుని, తణుకు దిగువన కాలవగట్టు మీదున్న పేటకి కాపరానికి వచ్చి రెండేళ్ళయింది. మిషను వాళ్ళు అక్కడ ఆడపిల్లల బడి ఒకటి పెట్టి నన్ను పంతులమ్మని చేశారు. బడి అంటే తాటాకుల పాక, నాలుగు చాపలు, ఒక నల్లబల్ల. మా అత్త చిట్టెమ్మ ఊడ్పులకి వంగితే పొద్దు వాలేదాకా నడుం ఎత్తని మనిషి. నాకు ఊడ్పు చేతకాదు, కోత చేతకాదు, పిడక కూడా గుండ్రంగా రాదు. "మా కోడలికి అన్నీ వచ్చు, పని తప్ప" అని ఆవిడ పేటంతా చెప్పుకునేది. ఆ ఇంట్లో నాకున్న పరువల్లా ఆ బడే.

ఆ బడికే ముప్పు వచ్చింది. పరీక్షకి ఇనస్పెక్టరు గారు వచ్చిన రోజున పన్నెండుమంది పిల్లలు చాపల మీద కనిపించకపోతే బడి ఎత్తేస్తామని ఫాల్గుణ మాసంలో కాగితం వచ్చింది. పట్టీలో పేర్లు ఎనిమిది. వచ్చేది అయిదుగురు, అదీ పొలంలో పని లేనినాడు.

ఆ వారమే మిషను దొరసాని గారు పడవ మీద వచ్చి ఒక గాజు తొట్టి ఇచ్చి వెళ్ళారు. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు, జానెడు లోతు. వాళ్ళ దేశం నుంచి ఎవరో పంపించారట. ఇనస్పెక్టరు గారికి వస్తుపాఠం అంటే, అంటే ఒక వస్తువుని ఎదురుగా పెట్టి దాని గురించి పిల్లలచేత మాట్లాడించడం అంటే, మహా ఇష్టమట. "రెండు లేదా మూడు మీనములు చాలును, సంపూర్ణమా" అని నా పేరు పెట్టి బైబిలు తెలుగులో చెప్పి దొరసాని గారు పడవెక్కారు.

రెండు మూడు మీనములతో నాకేం పని? నాకు కావలసింది పన్నెండుమంది పిల్లలు. బడికి వచ్చిన ప్రతి పిల్లకీ గాజు తొట్టిలో ఒక చేప సొంతం అని పేటంతా చాటించాను. నాలుగో రోజుకి పట్టీలో పన్నెండు పేర్లు నిండాయి. పిల్లలే పాత గుడ్డలు పట్టుకుని కాలవలోకి దిగి, వేలెడేసి వెండి పరిగెల్ని పట్టుకొచ్చి తలా ఒకటి తొట్టిలో వేశారు. ఏది ఎవరిదో నాకు తెలిసేది కాదు గాని, కవలపిల్లల తల్లికి తెలిసినట్టు వాళ్ళకి తెలిసేది. మాణిక్యాంబ చేపకి పొట్ట కింద చుక్క. సూరమ్మ చేపకి తోక చివర తెగి ఉంటుంది. సూరమ్మకి ఎనిమిదేళ్ళు, తల్లి లేదు, తండ్రి ముసలయ్య పేరుకే ముసలయ్య, ముప్పై ఏళ్ళ పాలేరు. ఆ పిల్ల బడి తెరవకముందే వచ్చి పాక గుమ్మంలో కూర్చునేది.

పొలానికి వెళ్తూ మా అత్త ఒకసారి బళ్ళోకి తొంగి చూసింది.

"ఎన్ని వేశావే?"

"పన్నెండు, అత్తా."

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని, ఆ గాజు పెట్టెలో పన్నెండు కాపరాలా? కొర్రమీనంటే బురదలో పడేసినా బతుకుద్ది. పరిగెకి నీరు పారతా ఉండాలి."

"దొరసాని గారు చెప్పినట్టే వేశాను."

ఇది అబద్ధం. ఆ ఎండాకాలంలో నా మొదటి అబద్ధం అదే. మా అత్త కొడవలి బుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మూడు వారాలు బడి కళకళలాడింది. ఏ పిల్లకి ఆ పిల్ల తన చేపకి తవుడు తెచ్చేది. పన్నెండు చేపలు తినగలిగింది గుప్పెడు, తొట్టిలో పడేది పన్నెండు గుప్పిళ్ళు. నీళ్ళు కుడితిలా తయారయ్యేవి. కాలవ పక్కనే కాబట్టి రోజూ నాలుగు బిందెలు మార్చేదాన్ని. చైత్రంలో మరమ్మతులకని కాలవ కట్టేశారు. నీరు దిగిపోయి అడుగున మడుగులు మిగిలాయి. పడవలు ఆగిపోయాయి, దొరసాని గారు రావడం ఆగిపోయింది, నా నాలుగు బిందెలూ ఆగిపోయాయి. మనుషులకే తాగునీరు కరువైతే చేపలకి మంచినీళ్ళ గుంట నుంచి తేవడానికి ఎవరు ఒప్పుకుంటారు? చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి పెట్టేవి. "పాటలు పాడుతున్నాయండి" అనేది సూరమ్మ. నేనూ నవ్వేదాన్ని.

ఇనస్పెక్టరు గారు రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులుందనగా ఒక పొద్దున్నే బడి తెరిస్తే ఒక చేప వెల్లకిలా తేలుతోంది. తోక చివర తెగి ఉంది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దాన్ని తీసి పాక వెనక పాతిపెట్టి, కాలవలోకి దిగి, మడుగులో కొంగు పరిచి ఇంకో పరిగెని పట్టుకొచ్చి తొట్టిలో వేశాను. పిల్లలు వచ్చేసరికి పన్నెండూ ఉన్నాయి. సూరమ్మ మాత్రం రాలేదు.

మధ్యాహ్నం ముసలయ్య వచ్చాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పంతులమ్మ గారండి, మా సూరమ్మకి రాత్రినించీ ఒళ్ళు కాలిపోతందండి. ఒకటే కలవరింత. దాని చేప ఎలాగుందో చూసి రమ్మందండి."

"బాగానే ఉంది, చూడు" అని తొట్టి వైపు చెయ్యి చూపించాను.

అతను వచ్చి తొట్టి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇందులో లేదండి. దానికి తోక తెగుంటాదండి. రోజూ కూడు తింటా అదే చెప్పుద్ది."

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు.

"పోయిందాండి?"

తల ఊపాను. అతను లేచి తలగుడ్డ దులుపుకున్నాడు. "అయితే మా పిల్ల కూడానండి" అని, ఆ మాట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేలోపల ఆ మాట పేటంతా పాకింది. పిల్ల పేరు చేపకి పెట్టారు, చేప చచ్చింది, పిల్ల మంచాన పడింది. మర్నాడు బడికి నలుగురు వచ్చారు. ఆ నలుగురూ పాఠం వినలేదు, తమ చేపల్ని కాపలా కాస్తూ కూర్చున్నారు. మా ఆయన మిషను మందుల పెట్టెలోంచి జ్వరానికిచ్చే కొయినా మాత్రలు పట్టుకుని ముసలయ్య ఇంటికి వెళ్ళి, వాటితోనే తిరిగి వచ్చారు. "రాసిపెట్టినదానికి మందెందుకండి, పిల్ల నోరు చేదు చెయ్యడం తప్ప" అన్నాట్ట ముసలయ్య, ఎంతో మర్యాదగా. మా ఆయన చాలా మంచివారు. ప్రార్థన చేద్దాం అన్నారు. చేశాం. ప్రార్థనలో నేను దేవుణ్ణి అడిగింది పిల్ల గురించా బడి గురించా అన్నది ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

వంటింటి గట్టు మీద మా అత్త నూకలు చెరుగుతోంది. చేట ఆపకుండానే అడిగింది.

"చేపని నువ్వే మార్చావా?"

"మార్చాను."

"ఎందుకు?"

"పిల్ల బెంగ పెట్టుకుంటుందని, అత్తా."

"ఊహూఁ. సరిగ్గా చెప్పు."

"బడి పోతుందని" అన్నాను. అనగానే ఏడుపు వచ్చేసింది. దొరసాని గారు రెండో మూడో చాలన్నారని, పన్నెండు నా సొంత తెలివేనని, అన్నీ చెప్పేశాను. ఆవిడ చేట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. తిడుతుందనుకున్నాను.

"ఆ మాత్రలు తీసుకో. పద" అంది.

ముసలయ్య తన పాక అరుగు మీద కూర్చున్నాడు. లోపల చాప మీద సూరమ్మ. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పెదాలు ఎండి అట్టలు కట్టాయి. దాన్ని అలా చూడగానే బడి సంగతి నా మనసులోంచి పోయింది. ఈ పిల్ల లేస్తే చాలు, బడి ఉంటే ఎంత లేకపోతే ఎంత అనిపించింది. ఆ ఒక్క ప్రార్థన మాత్రం కల్తీ లేనిదని చెప్పగలను.

మా అత్త అరుగు ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరే ముసలయ్యా, చేప పోయిందని కూకున్నావా?"

"అవును, చిట్టెమ్మత్తా."

"పోతే మంచిదే గదరా! పిల్ల మీదున్న గండం చేప మీద పోయింది. మీ అమ్మ కోడిపిల్లని దిగదుడిచి వదిలేస్తే కోడిపిల్ల కోసం ఏడ్చిందా? గండం వెళ్ళిపోయాక మిగిలింది ఉత్త జొరం. ఉత్త జొరానికి మందెయ్యక, ఎవరి కోసం కూకున్నావ్?"

ముసలయ్య ఆవిడని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నిజమేనాండి, పంతులమ్మ గారు?"

గండాలు, దిగదుడుపులు అన్నీ ఉత్తవని ఆ పేటలో రెండేళ్ళుగా చెబుతున్నది నేనే. మా అత్త నా వైపు చూడను కూడా చూడలేదు.

"మందు వెయ్యనియ్యి, ముసలయ్యా" అన్నాను.

అతను లేచి నీళ్ళు తెచ్చాడు.

మూడో రోజు సాయంత్రం సూరమ్మకి చెమట పట్టి జ్వరం దిగింది. నాలుగో రోజు గంజి తాగింది. ఆ కబురు విన్నాక నేను వరసగా రెండు పూటలు తిన్నంత అన్నం ఒకేసారి తిన్నాను. మా అత్త చూసి కూడా ఊరుకుంది.

కష్టం తీరిందనుకున్నాను. తీరలేదు, వేషం మార్చుకుని వచ్చింది. సూరమ్మ లేచి కూర్చుందన్న మాట వీధి చివరికి చేరేసరికి బడి ముందు తల్లులు ముంతలతో వరస కట్టారు. ముంతల్లో చేపలు.

"మా పిల్లకి నీళ్ళ గండం ఉందన్నారండి, దీన్ని వేసెయ్యండి."

"మా దానికి రెండు గండాలండి. రెండు తెచ్చాను."

అప్పటికి నేను మార్చి వేసింది కూడా పోయి, తొట్టిలో మొదటి పన్నెండింటిలో తొమ్మిది మిగిలాయి. చచ్చిన చేపల పిల్లల తల్లులు నాకు అరిటిపళ్ళు పంపించారు. చావని చేపల వాళ్ళు కోపంగా ఉన్నారు. ఒకావిడ వచ్చి, "అందరివీ పోతన్నాయి, మాదింకా పోలేదేంటండి? మా పిల్లేం పాపం చేసింది?" అని నిలదీసింది. పట్టీలో పేర్లు పంతొమ్మిదయ్యాయి, కొత్త చేపలు మాత్రం ఇంకా వాళ్ళ ముంతల్లోనే ఉన్నాయి. ఇనస్పెక్టరు గారు రావడానికి పది రోజులుంది.

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. పదిరోజులు నోరు మూసుకుంటే చాలు. రోజుకో చేప పోతుంది, రోజుకో తల్లి సంతోషిస్తుంది, బడి నిలబడుతుంది. ఆ రోజు పాఠం చెబుతూ తొట్టి వైపు చూశాను. తొమ్మిది నోళ్ళు నీటి మీద తెరుచుకుని ఉన్నాయి. నేను పాటలని నవ్విన సంగతి గుర్తొచ్చి ఒళ్ళంతా చీదర వేసింది.

"ఇప్పుడేం చెయ్యనత్తా?" అని అడిగాను ఇంటికి రాగానే.

"నన్నడుగుతావేంటి? నేను ఒక ఇంటికి మాట చెప్పాను, ఒక పిల్ల గొంతులో మందు పడాలని. బడికి చెప్పలేదు. నీ బడి నువ్వే బాగుచేసుకో."

మర్నాడు పొద్దున తల్లులందరినీ పాక ముందు కూర్చోబెట్టి చెప్పాను. చేపలు చచ్చింది గండాల వల్ల కాదు, నా వల్ల. రెండు మూడు పట్టే తొట్టిలో పన్నెండు వేశాను, వాటికి ఊపిరాడలేదు. ఇక తొట్టిలో పిల్లల పేరున చేపలుండవు. కొన్నే ఉంటాయి, అవి ఎవరివీ కావు.

వెనక నిలబడ్డ ముసలయ్య అడిగాడు, "మరి మా పిల్ల లేచిందేంటండి?"

"కొయినాతో లేచింది, ముసలయ్యా."

అతను మా అత్త వైపు చూశాడు. మా అత్త చూరు వైపు చూసింది. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"ఏదైతేనేమండి. గంజి తాగింది. నాకది చాలు."

అందరికీ అది చాలలేదు. ఏడుగురు తల్లులు ముంతలతోపాటు పిల్లల్ని కూడా తీసుకుని వెళ్ళిపోయారు. పట్టీలో సరిగ్గా పన్నెండుమంది మిగిలారు, అదీ సూరమ్మతో కలిపి. ఆ పిల్ల ఇంకా చాప దిగలేదు.

ఎన్ని ఉంచాలన్నది పిల్లలకే వదిలేశాను. ఒక చేప పైకి వచ్చి నోరు తెరిచినప్పుడల్లా మూకుట్లో ఒక గులకరాయి వెయ్యాలి, అంతే. తొమ్మిది చేపలున్న రోజున రెండో పాఠానికే మూకుడు నిండింది. మూడింటిని తీసి, ఎవరిది వారే మంచినీళ్ళ గుంటలో వదిలారు. ఆరుకి సగం మూకుడు. నాలుగుకి పొద్దున ఏమీ లేదు గాని ఎండెక్కాక తొమ్మిది రాళ్ళు పడ్డాయి.

"నాలుగుంచేద్దామండి. మధ్యాహ్నమే గదా" అంది మాణిక్యాంబ. ఆ నాలుగో చేప దానిదే.

"మధ్యాహ్నం నిన్ను గోనెసంచిలో పెడతా, ఉంటావా?" అంది గుమ్మంలోంచి మా అత్త. పొలం పని లేని రోజుల్లో ఆవిడ బడికి రావడం మొదలుపెట్టింది, ఊరికే నీడకి కూర్చోవడానికని చెప్పి. మాణిక్యాంబ ఏడుస్తూనే తన చేపని తీసుకెళ్ళి వదిలింది. మూడు చేపలతో ఆ మర్నాడంతా మూకుడు ఖాళీగా ఉంది. నాకు నా ఊపిరే తిరిగి వచ్చినట్టయింది.

ఇక సూరమ్మకి చెప్పాలి. వెళ్ళి దాని పక్కన కూర్చుని, నీ చేప చచ్చిపోయింది, నేను ఎక్కువ వెయ్యడం వల్లే చచ్చిపోయింది, నీకు తెలియకుండా ఇంకోటి వేశాను, తప్పు నాదే అని చెప్పాను. అది నన్ను కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది. రెండోరోజు వెళ్ళినా, మూడోరోజు వెళ్ళినా అంతే. లేచి తిరుగుతోందట, నేను వస్తున్నానంటే మాత్రం గోడవైపు తిరిగేది. "బడికెళ్తావా అంటే పలకదండి" అన్నాడు ముసలయ్య.

ఇనస్పెక్టరు గారు గుర్రబ్బండిలో వచ్చారు. పాకలోకి రాకుండా వేపచెట్టు నీడన కుర్చీ వేయించుకున్నారు. పిల్లల్ని చాపలతో సహా బయటికి తెచ్చాం, తొట్టిని నేనూ మా ఆయనా పట్టుకొచ్చి నీడన పీట మీద పెట్టాం. ఆయన పట్టీ తీసి పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క పిల్లా లేచి దణ్ణం పెడుతోంది. పది, పదకొండు. "సూరమ్మ" అన్నారు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు.

"వత్తన్నానండి!" అని గట్టు మీంచి వినిపించింది. తండ్రి వేలు పట్టుకుని, తలకి నూనె పెట్టుకుని, ఎముకలగూడు లాంటి పిల్ల నడిచి వస్తోంది. వచ్చి నా వైపు చూడకుండా చాప చివర కూర్చుంది. మా ఆయన నా వెనక నిలబడి గట్టిగా ఊపిరి వదలడం విన్నాను.

ఇనస్పెక్టరు గారు పన్నెండో పేరు పక్కన గీత పెట్టి, లెక్కలు అడిగారు, చదివించారు, పుస్తకంలో రాసుకున్నారు. "బడి ఉంటుంది లెండి" అని మా ఆయనతో అన్నారు. తర్వాత కొబ్బరిబోండం తాగుతూ తొట్టి వైపు చూశారు.

"ఇంత తొట్టిలో మూడేనా? ఎందుకని?" అన్నారు, ఎదురుగా ఉన్నది సూరమ్మ కాబట్టి సూరమ్మనే.

"మూడింటికే ఊపిరాడుద్దండి."

"నీకెలా తెలుసు?"

"పన్నెండేశామండి. చచ్చిపోయాయండి. మొదట నాదే చచ్చిపోయింది."

ఆయన బోండం దించి నన్నూ ఆ పిల్లనీ మార్చి మార్చి చూశారు.

"ఈ సంగతి ఎవరు చెప్పారు నీకు?"

"పంతులమ్మ గారే చెప్పారండి. తప్పు తనదేనని చెప్పారు."

"మరి నువ్వేమన్నావు?"

సూరమ్మ ఆలోచించింది. అప్పుడు మొదటిసారి తల తిప్పి నన్ను చూసింది.

"అప్పుడు కోపమొచ్చిందండి" అంది. "ఇప్పుడు లేదు."